మందు చీటీ రాసే ముందు అడగవలసిన మాట

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు ఏ విషయం తీసుకోవాలా అని నేను ఎక్కువ రోజులు ఆలోచించలేదు. చాలా ఏళ్లుగా మనసులో నలుగుతున్న మాట ఒకటుంది. కిడ్నీ వైద్యుడిగా వందల మందికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు రాశాను. వాటిలో కొన్ని మగవాళ్లలో వీర్యకణాల ఉత్పత్తిని దెబ్బతీస్తాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. పరీక్షల్లో జవాబుగా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఓపీలో ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం చెప్పం. ఆ చెప్పకపోవడం గురించి ఈ రోజు మాట్లాడతాను.

1990ల చివర్లో ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండేళ్లు. ముఖం, కాళ్లు వాచిపోయాయి. మూత్రంలో నురగ, రక్తం. పరీక్షల్లో లూపస్ అని తేలింది. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, అయినా అతన్ని పట్టుకుంది, నేరుగా కిడ్నీల మీదే పడింది. బయాప్సీ రిపోర్టు వచ్చిన సాయంత్రమే సైక్లోఫాస్ఫమైడ్ మొదలుపెట్టాం. నెలకొకటి చొప్పున ఆరు నెలలు, ఆ తర్వాత మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు. అప్పటి పద్ధతి అదే. కిడ్నీలు నిలిచాయి. డయాలసిస్ తప్పిందన్న సంతోషంతో వాళ్ల నాన్న ఒక బుట్టెడు బంగినపల్లి పళ్లు మోసుకొచ్చి నా గదిలో పెట్టి వెళ్లాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ అబ్బాయే భార్యతో వచ్చాడు. పెళ్లయి నాలుగేళ్లట. మూడేళ్ల పాటు పరీక్షలన్నీ ఆ అమ్మాయికే జరిగాయి. స్కానింగులు, గర్భసంచి నాళాలకు ఎక్స్‌రే, హార్మోన్ మాత్రలు, ఒక లాపరోస్కోపీ. మొక్కులు, ముడుపులు సరేసరి. చివరికెవరో అతనికీ ఒక పరీక్ష రాశారు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు. అందులో ఒకటే ముక్క: వీర్యకణాలు కనిపించలేదు.

"సార్, ఈ మందు వల్ల ఇలా అవుతుందని మీకు అప్పుడే తెలుసా?" అన్నాడు.

"తెలుసు," అన్నాను.

"మరి చెప్పలేదేం సార్?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆ రాత్రి రికార్డు గదిలోంచి అతని పాత కేసు షీటు తెప్పించి చూశాను. బీపీ ఉంది, బరువు ఉంది, క్రియాటినిన్ ఉంది, ప్రతి డోసూ నా దస్తూరీలోనే ఉంది. 'వివాహమైనదా?' అన్న గడిలో 'లేదు' అని కూడా నేనే రాశాను. ఆ 'లేదు' దగ్గర నా పెన్ను ఆగి ఉండాల్సింది.

అసలు లోపల జరిగేదేమిటో విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. వృషణాల్లోని సన్నని నాళాల గోడలకు ఆనుకుని మూలకణాలు ఉంటాయి. అవి యుక్తవయసు నుంచి ముసలితనం దాకా విభజన చెందుతూనే ఉంటాయి. ఒక మూలకణం నుంచి తోక ఉన్న వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అక్కడి నుంచి బయటికి వచ్చే దారిలో ఈదడం నేర్చుకోవడానికి మరో రెండు వారాలు. మొత్తం మూడు నెలలు. మందుల అట్టల మీద, మార్గదర్శకాల్లో 'మూడు నెలలు ఆగండి' అన్న మాట పదే పదే కనిపించడానికి కారణం ఇదే.

రైతు బిడ్డలకు ఇది ఇంకో విధంగా చెబితే వెంటనే తెలుస్తుంది. పంట పోవడం వేరు, విత్తనాలకని దాచుకున్న గింజలు పోవడం వేరు. పంట పోతే ఆ కారు నష్టం. తర్వాతి కారుకు మళ్లీ చల్లుకోవచ్చు. గాదెలో విత్తనమే కాలిపోతే చల్లడానికేమీ ఉండదు. కొన్ని మందులు పంటను మాత్రమే పాడుచేస్తాయి, అవి ఆపేస్తే కొన్ని నెలల్లో కణాలు తిరిగి వస్తాయి. సైక్లోఫాస్ఫమైడ్ విత్తనం మీద పడుతుంది. అది డీఎన్ఏ పోగులకు అతుక్కుని వాటిని విడదీయరానట్టు ముడివేస్తుంది. లూపస్‌లో అదుపుతప్పిన తెల్లకణాలను చంపేది ఈ గుణంతోనే, వృషణాల్లోని మూలకణాలను చంపేదీ ఈ గుణంతోనే.

ఇంకో చిక్కుంది. మగ హార్మోన్‌ను తయారుచేసే లైడిగ్ కణాలు పెద్దగా విభజన చెందవు కాబట్టి ఈ మందుకు అంత తొందరగా లొంగవు. గడ్డం, గొంతు, కోరిక, దాంపత్యం అన్నీ మామూలుగానే ఉంటాయి. అందుకే లోపలి నష్టం మనిషికి తెలియదు. నెలసరి ఆగిపోతే ఆడపిల్లకు ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది. మగవాడికి ఆ గుర్తు కూడా లేదు. పరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు, ఆ పరీక్ష ఎవరూ రాయరు.

ఇదేమీ కొత్తగా తెలిసింది కాదు. మెల్‌బోర్న్ వైద్యులు కిడ్నీ జబ్బులకు సైక్లోఫాస్ఫమైడ్ వాడిన మగవాళ్లలో వీర్యకణాలు మాయమై, వృషణాలు కుంచించుకుపోతున్నాయని లాన్సెట్ పత్రికలో రాసింది 1972లో. నేను ఆ అబ్బాయికి మొదటి డోసు ఇచ్చేటప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి.

నష్టం డోసును బట్టి ఉంటుంది. ఒక్కో రోజు డోసు కంటే జీవితం మొత్తంలో శరీరంలోకి వెళ్లిన మందు ఎంత అన్నదే ముఖ్యం. పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్ మాటిమాటికీ తిరగబెడితే ఈ మందును రోజుకు కిలోకు 2 మి.గ్రా. చొప్పున 12 వారాలు ఇస్తారు. లెక్కవేస్తే కిలో బరువుకు 168 మి.గ్రా. అవుతుంది. అక్కడే ఆగమని, రెండో కోర్సు వద్దని మార్గదర్శకాలు చెబుతాయి. ఆ హద్దు పెట్టింది ముఖ్యంగా ఈ పసివాళ్ల రేపటి సంతానం కోసమే. ఊరు మారి, డాక్టరు మారి, పాత చీటీలు పోయి, అదే పిల్లవాడికి మరో కోర్సు పడిన కేసులు నేను చూశాను. తల్లిదండ్రులకు నా మనవి: ఈ మందు వాడిన కాగితాలను ఇంటి దస్తావేజుల పక్కన దాచండి.

ఇప్పుడు దారులు పెరిగాయి. 2002లో యూరప్ వైద్యులు ప్రకటించిన పద్ధతిలో లూపస్ కిడ్నీ రోగికి 500 మి.గ్రా. చొప్పున పక్షానికోసారి ఆరు డోసులు, మొత్తం 3 గ్రాములే. చాలామంది రోగుల్లో మైకోఫెనొలేట్ దాదాపు అదే పని చేస్తుంది. రక్తనాళాల వాపు జబ్బుల్లో చాలామందికి రిటుక్సిమాబ్ సైక్లోఫాస్ఫమైడ్‌కు ఏమాత్రం తీసిపోదని 2010 నాటికి తేలింది. అయినా సైక్లోఫాస్ఫమైడ్ తప్పని రోజులుంటాయి. ఊపిరితిత్తుల్లో రక్తం కారుతున్నవాడికి ముందు ప్రాణం. అప్పుడు ఎవరూ తటపటాయించకూడదు. అలాంటి రాత్రులు తక్కువ. నేను చెప్పేది మిగిలిన రోజుల గురించి.

పంటను మాత్రమే పాడుచేసే మందుల్లో మన దగ్గర విస్తారంగా వాడేది సల్ఫాసలజీన్. కీళ్లవాతానికి, నడుము పట్టేసే స్పాండిలైటిస్‌కు, పేగు పూతకు ఇస్తాం. దీనివల్ల కణాల సంఖ్య, కదలిక రెండూ తగ్గుతాయని లండన్ వైద్యులు 1979లోనే రాశారు. ఆపితే రెండు మూడు నెలల్లో కోలుకుంటాయి. స్పాండిలైటిస్ ఎక్కువగా వచ్చేది ఇరవై, ముప్పై ఏళ్ల మగవాళ్లకే. పిల్లలు కలగడం లేదని తిరుగుతున్న దంపతుల్లో భర్త జేబులో ఈ మాత్రల అట్ట ఉందేమో ఒక్కసారి చూస్తే చాలు, ఎన్నో వేల రూపాయల ఖర్చు తప్పుతుంది.

ఇంకొకటి సిరోలిమస్. పసిఫిక్ సముద్రం నడుమ ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దీన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు అవిభక్త భారతదేశంలో పుట్టిన సురేన్ సెహగల్. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు కొందరికి ఇది ఇస్తాం. 2008లో పారిస్ వైద్యులు మార్పిడి జరిగిన మగవాళ్లను పరిశీలించారు. ఏడాదికి వెయ్యి మంది లెక్కన, సిరోలిమస్ వాడనివాళ్లకు దాదాపు 93 గర్భాలు నిలిస్తే వాడుతున్నవాళ్లకు దాదాపు 6 నిలిచాయి. ఇది చిన్న తేడా కాదు. చాలామందిలో మందు మారిస్తే కణాలు తిరిగి వస్తాయి. కాబట్టి పిల్లలు కావాలనుకునే యువకుడికి ముందుగానే టాక్రొలిమస్ వంటిదానికి మార్చడం గురించి ఆలోచించాలి.

ఇక రెండో వైపు, అంటే అక్కర్లేని భయం గురించి చెప్పాలి. ఇక్కడే సుబ్బారావు గారు గుర్తొస్తారు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారాయన. వీర్యకణం తోక కదిలేది ఆ ఏటీపీతోనే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే పదార్థాలను తయారుచేసింది. అవి 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌కు తొలిసారి పగ్గం వేశాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ ఏడే ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఈ రోజు ఊరూరా కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికోసారి వేసుకునే చిన్న పసుపు మాత్ర ఆ మెథోట్రెక్సేటే.

ఆ మాత్ర గురించి మగవాళ్లలో భయం ఎక్కువ. గర్భిణికి అది నిజంగానే ప్రమాదం, అందులో సందేహం లేదు. ఆ భయాన్ని తెచ్చి మగవాడికి అంటగట్టి, 'మూడు నెలల ముందు ఆపెయ్' అని ఏళ్లుగా చెబుతూ వచ్చాం. వారానికోసారి వేసుకునే తక్కువ డోసులో తండ్రి ఈ మందు వాడితే పిల్లల్లో లోపాలు పెరిగినట్టు ఇప్పటిదాకా వచ్చిన పరిశీలనల్లో కనిపించలేదు. 2020లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో మగవాళ్లు మెథోట్రెక్సేట్‌ను, మైకోఫెనొలేట్‌ను కొనసాగించవచ్చనే వైపు మొగ్గింది. అజాథయోప్రిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగించమని గట్టిగానే చెప్పింది. పిల్లల కోసం ప్రయత్నించే మగవాడు ముందుగా ఆపి తీరాల్సినవని చెప్పింది రెండే: సైక్లోఫాస్ఫమైడ్ మూడు నెలల ముందు, థాలిడోమైడ్ నాలుగు వారాల ముందు. థాలిడోమైడ్ వీర్యంలోకి కూడా చేరుతుంది. కుష్ఠు రియాక్షన్లకు మన దగ్గర ఆ మందు ఇంకా వాడుతున్నాం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

భయం చేసే చేటు కిడ్నీ మార్పిడి వార్డులో కనిపిస్తుంది. ఎవరో బంధువు 'ఈ మందులు వాడుతుంటే పిల్లలు పుట్టరు' అంటాడు. కుర్రాడు చెప్పాపెట్టకుండా టాక్రొలిమస్ ఆపేస్తాడు. అమ్మ ఇచ్చిన కిడ్నీ మూడు వారాల్లో పోతుంది. అలాంటి వాళ్లు ఇద్దరు నా చేతుల మీదుగా మళ్లీ డయాలసిస్ మంచం ఎక్కారు. వాళ్ల విషయంలోనూ తప్పు మా మౌనానిదే. మేం ముందే చెప్పి ఉంటే ఆ బంధువు మాట పనిచేసేది కాదు.

టాక్రొలిమస్, సైక్లోస్పొరిన్ గురించి ఒక ముచ్చట. 2015లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ మందులు మగ ఎలుకలకిచ్చారు. వీర్యకణం తోక మొదట్లో నడుము లాంటి భాగం ఒకటుంటుంది. అది బిరుసెక్కిపోయింది, కణం వంగలేక అండంలోకి దూరలేకపోయింది. మందు ఆపిన వారానికి మళ్లీ మామూలైంది. మగవాళ్ల గర్భనిరోధక మాత్రకు ఇది దారి చూపుతుందని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. ఎలుకల్లో కనిపించిందంతా మనుషుల్లో ఆ డోసుల్లో జరగదు. టాక్రొలిమస్ మీద ఉంటూ తండ్రులైనవాళ్లు లోకమంతటా ఉన్నారు, నా రోగుల్లోనూ ఉన్నారు. 1991 నుంచి అమెరికాలో నడుస్తున్న రిజిస్ట్రీలో మార్పిడి జరిగిన తండ్రుల పిల్లల వివరాలు దాఖలవుతున్నాయి. ఆ పిల్లలు తక్కిన పిల్లల లాగే ఉన్నారు.

అసలు మార్పిడే చాలామందికి సంతానాన్ని తిరిగి ఇస్తుంది. కిడ్నీలు పాడై రక్తంలో మలినాలు పేరుకున్నప్పుడు మగ హార్మోన్ తగ్గుతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది, కణాలు తగ్గుతాయి. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రే రిచర్డ్ హెరిక్‌కు అతని కవల సోదరుడి కిడ్నీ అమర్చారు. అచ్చు ఒకేలాంటి కవలలు కాబట్టి నిరోధక శక్తిని అణిచే మందుల అవసరమే రాలేదు. మృత్యుముఖంలో ఉన్న ఆ యువకుడు కోలుకుని, తనకు సేవ చేసిన నర్సునే పెళ్లాడి, ఇద్దరు పిల్లలకు తండ్రయ్యాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చి డయాలసిస్ మీద ఉన్న యువకులకు నేను ఈ కథ చెబుతుంటాను.

ఇప్పుడు చేయవలసిన పని. సైక్లోఫాస్ఫమైడ్ మొదలుపెట్టే ముందు వీర్యం భద్రపరచడం. 1953లోనే అమెరికాలోని అయోవాలో గడ్డకట్టించి దాచిన వీర్యంతో గర్భం నిలిచింది. అంటే ఇది మన తాతల కాలం నాటి విద్య. రెండు నుంచి ఐదు రోజుల ఎడంతో రెండు మూడు నమూనాలు ఇస్తే మంచిది. అంత వ్యవధి లేకపోతే ఒక్కటైనా సరే. ముందుగా హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ పరీక్షలు చేస్తారు. నమూనాకు గ్లిసరాల్ ఉన్న ద్రవం కలిపి, సన్నని గొట్టాల్లోకి ఎక్కించి, పేరు, తేదీ రాసి, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ముంచి ఉంచుతారు. నేను మొదటిసారి అలాంటి గదిలోకి వెళ్లినప్పుడు ఆ ట్యాంకు మూత తీయగానే తెల్లని పొగ అంచు దాటి నేల మీదికి జారింది. పాల క్యాను కంటే పెద్దగా లేని ఆ పాత్రలో ఎందరి ఇళ్లో ఉన్నాయనిపించింది.

జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు కణాలు తక్కువగా ఉంటాయి, అందుకని వదిలేయకూడదు. 1992లో బ్రస్సెల్స్‌లో, వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి వచ్చాక ఒక అండానికి ఒక్క కణం చాలు. దాచడం మాత్రం మొదటి డోసుకు ముందే జరగాలి. మందు ఎక్కించడం మొదలయ్యాక వచ్చే కణాల్లో డీఎన్ఏ దెబ్బతిని ఉండవచ్చు. చికిత్స అయ్యాక కొందరికి కణాలు తిరిగి వస్తాయి, అయితే అందుకు ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కాబట్టి 'నీకిక పుట్టరు' అని తీర్పు చెప్పకండి, గర్భనిరోధం అక్కర్లేదని కూడా చెప్పకండి. ఏడాదికోసారి పరీక్ష చేయించండి.

యుక్తవయసు రాని పిల్లల విషయం కష్టం. వాళ్లలో ఇంకా వీర్యకణాలే తయారు కావు. వృషణంలో చిన్న ముక్కను తీసి దాచే పద్ధతి ఇంకా ప్రయోగ దశలో ఉంది. అలా దాచిన కణజాలంతో ఒక కోతిపిల్ల పుట్టిందని 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఈ పిల్లలకు ఇప్పటికి మనం చేయగలిగింది ఆ 168 హద్దు దాటకపోవడమే.

మరో హెచ్చరిక. నీరసంగా ఉందని, కండ పెరగాలని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకునే రోగులు ఎక్కువయ్యారు. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆగిపోతాయి, వీర్యకణాలు తయారు కావడం మానేస్తాయి. మగతనం కోసం వేసుకున్న ఇంజెక్షనే సంతానాన్ని ఆపుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ వాడేవాళ్లకు రక్షణగా టెస్టోస్టెరాన్ ఇవ్వాలన్న ఆలోచన ఒకప్పుడు ఉండేది. 2020 మార్గదర్శకాలు దాన్ని వద్దనే అన్నాయి.

మన భాష గురించి కూడా ఒక మాట అనాలి. పిల్లలు కలగని ఆడదాన్ని పొడవడానికి తెలుగులో గొడ్రాలు అన్న మాట సిద్ధంగా ఉంది. అదే స్థితిలో ఉన్న మగవాడికి వాడుకలో అంత పదునైన మాట లేదు. ఆ లోటును మగతనం అన్న మాటతో పూడుస్తాం. కణాలు లేవంటే మగతనమే లేదనుకుంటాం. ఈ రెండూ వేరని చెప్పకపోతే ఏ యువకుడూ పరీక్షకు రాడు. రానంతకాలం ఆ నింద భార్య మోస్తుంది. నా రోగి భార్య మూడేళ్లు మోసింది. ఆమెకు జరిగిన లాపరోస్కోపీకి కూడా నేను కొంత బాధ్యుణ్ణి.

ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు. పెళ్లికాని కుర్రాడు, పక్కన తల్లి, బయట యాభై మంది క్యూ. నేనిప్పుడు చేసేది చెబుతాను. తల్లిని రెండు నిమిషాలు బయట కూర్చోమంటాను. "బాబూ, ఈ మందు నీ కిడ్నీలను కాపాడుతుంది. రేపు పిల్లలు కలగడానికి అడ్డు రావచ్చు. అందుకని ముందే దాచుకునే ఏర్పాటు ఉంది. మూడు రోజులు టైముంది," అంటాను. ఇంతవరకూ ఒక్కరు కూడా నా మీద కోప్పడలేదు. కొందరు వద్దన్నారు. వద్దనే హక్కు వాళ్లది.

ప్రభుత్వాలకు నా విన్నపం: ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద ఈ మందు ఇచ్చే ప్రతి యువకుడికీ వీర్యం భద్రపరిచే ఖర్చు ఆ ప్యాకేజీలోనే ఉండాలి. ప్రాణం పోసే మందుకు డబ్బు ఇచ్చినప్పుడు దాని వెనకాల వచ్చే నష్టానికీ ఇవ్వాలి.

ఇక్కడున్న యువ వైద్యులను నేను కోరేది ఒకటే. రేపు మీ ఓపీకి వాపు ముఖంతో ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడు వస్తాడు. కేసు షీటులో 'వివాహమైనదా?' అన్న గడి నింపేటప్పుడు దాని కిందనే ఇంకో పంక్తి మీ చేత్తో రాయండి: 'పిల్లల గురించి అడిగాను. వీర్యం దాచుకోవడం గురించి చెప్పాను.' ఆ పంక్తి రాశాకే మందు రాయండి.